పెద్దాయన అడిగిన ఎర్ర చందమామ

ఆమె బ్యాడ్జి ఏళ్ల తరబడి ఆఫీసు సొరుగులో భద్రంగా ఉంది. ఆమె మాత్రం ఎక్స్‌రే గదిలో ఉంది.

ముందు ఆ బ్యాడ్జి సంగతి చెప్పాలి. ఎక్స్‌రే తీసేవాళ్లు చొక్కాకు తగిలించుకునే చిన్న ప్లాస్టిక్ బిళ్ల అది. చూడటానికి ఏమీ ఉండదు గానీ, ఆ మనిషి ఒంటిమీద ఎంత కిరణం పడిందో తనలో దాచుకుంటుంది. కొన్ని నెలలకోసారి దాన్ని లాబొరేటరీకి పంపితే, వాళ్లు చదివి హద్దు దాటిందో లేదో చెబుతారు. దాటితే ఆ మనిషిని కొన్నాళ్లు గదిలోంచి తప్పించాలి. తప్పిస్తే ఆ పనికి ఇంకొకరిని పెట్టుకోవాలి. అందరూ పెద్ద డాక్టరుగారని పిలిచే ఆసుపత్రి యజమాని ఈ చిక్కుకు చాలా సులువైన మార్గం కనిపెట్టాడు. బిళ్లలన్నీ సొరుగులో పెట్టించి తాళం వేయించాడు. అవి సొరుగులోంచే లాబొరేటరీకి వెళ్లేవి, మళ్లీ సొరుగులోకే వచ్చేవి. ప్రతిసారీ సున్నా. సొరుగుకు ఎక్స్‌రే తగలదు కదా!

"మీ మంచికేనమ్మా. చిన్నపిల్లల్లాంటివాళ్లు మీరు, ఎక్కడో పారేసుకుంటారు" అన్నాడు ఆయన, ఆమె మొదటిసారి అడిగినప్పుడు.

రెండోసారి ఆమె అడగలేదు.

ఆసుపత్రిలో ఆమెను పేరుపెట్టి పిలిచేవాళ్లు లేరు. అందరికీ ఎక్స్‌రే అక్క. ఆమెకన్నా వయసులో పెద్దవాళ్లు కూడా అక్క అనే అనేవాళ్లు. విరిగిన చెయ్యి పట్టుకుని ఏడుస్తూ వచ్చిన మనిషికి ఎదురెళ్లి, "రండి రండి, ఫోటో దిగుదాం. నవ్వకపోయినా పర్లేదు, ఇందులో మొహం పడదు" అనే మనిషిని ఇంకేమంటారు?

మామూలు ఎక్స్‌రే అయితే గోడ చాటున నిలబడి మీట నొక్కితే చాలు. ఎముకలు సరిచేసే గదిలో అలా కుదరదు. అక్కడ యంత్రం ఆగి ఆగి నడుస్తూనే ఉంటుంది. డాక్టరు తెరమీద చూస్తూ విరిగిన ముక్కల్ని జతచేస్తుంటే, ఆమె పక్కనే నిలబడి యంత్రాన్ని అటూ ఇటూ తిప్పాలి. ఒంటికి సీసం పొదిగిన బరువైన ఆప్రాన్ కట్టుకుంటారు. కళ్లకు సీసపు కళ్లద్దాలు పెట్టుకోవాలి. ఆ గదికి ఉన్నవి ఒకటే జత, అవి డాక్టరుగారివి. ఇంకో జత తెప్పిస్తామని ఆమె చేరిన కొత్తలో అన్న మాట మాటగానే ఉండిపోయింది.

పిల్లలు వస్తే ఇంకో అవస్థ. పిల్ల కదిలితే బొమ్మ చెడుతుంది, మళ్లీ తీయాలి, మళ్లీ తీస్తే పిల్లకు రెండింతల కిరణం. అందుకని ఎవరో ఒకరు కదలకుండా పట్టుకోవాలి. తల్లికో తండ్రికో ఆప్రాన్ ఇచ్చి పట్టుకోమనాలి. ఆమె ఆ తల్లుల మొహాలు చూసేది. బెదిరిపోయి ఉండేవాళ్లు. కొందరి కడుపులో ఇంకో బిడ్డ ఉందో లేదో వాళ్లకే తెలియదు. "మీరు బయటుండండమ్మా, నేను పట్టుకుంటా" అనేది. అలా ఎంతమంది పిల్లల్ని పట్టుకుందో లెక్క లేదు. లెక్క చెప్పాల్సిన బిళ్ల తాళంలో ఉంది.

ఈ పని ఆమెకు నేర్పింది ఆ గదిలో ఆమెకన్నా ముందునుంచీ ఉన్న టెక్నీషియను. ఆసుపత్రికంతా ఆయన పెద్దాయన. ఆమె మాత్రం బాబాయ్ అని పిలిచేది. రక్తసంబంధం ఏమీ లేదు. ఒకే గదిలో, ఒకే ఆప్రాన్‌ను మార్చి మార్చి కట్టుకున్న సంబంధం.

ఆ ఆప్రాన్‌ను మడవకూడదు, కొక్కేనికి వేలాడదీయాలి. మడిస్తే లోపలి సీసం బీటలు వారుతుంది. గోడకున్న కొక్కెం ఊడిపోయి ఎన్నాళ్లయిందో, ఎవరూ బిగించలేదు. ఆప్రాన్ కుర్చీమీద మడతల్లోనే ఉండేది. ఒకరోజు పెద్దాయన దాన్నే బల్లమీద పరిచి ఎక్స్‌రే తీశాడు. తెల్లటి ఫిల్ముమీద ఎండిన బురదలో బీటల్లా నల్లటి గీతలు పడ్డాయి. దాన్ని లైటు పెట్టెమీద అంటించి పెద్ద డాక్టరును పిలుచుకొచ్చాడు.

"సార్, ఈ పేషెంటుకు చాలాచోట్ల విరిగింది. కట్టు కట్టండి."

పెద్ద డాక్టరు కడుపుబ్బా నవ్వాడు. "నీకు హాస్యం ఎక్కువయ్యా" అంటూ ఫిల్మును పీకి పక్కన పడేసి వెళ్లిపోయాడు. ఆప్రాన్ మారలేదు.

"అడిగాం, అయిపోయింది" అన్నాడు పెద్దాయన తర్వాత ఆమెతో. "ఇంకా అడిగితే ఇద్దరం ఇంట్లో కూర్చోవాల్సొస్తుంది తల్లీ. గొడవెందుకు?"

పెద్దాయనకు ఒక పిచ్చి ఉండేది. పగలంతా మనుషుల లోపలికి చూసిన కంటికి సాయంత్రం ఏదైనా దూరంగా ఉన్నది చూపించాలనేవాడు. ఇంట్లో తన నడుమెత్తు టెలిస్కోపు ఒకటి, దాని వెనక బిగించే పాత కెమెరా ఒకటి ఉండేవి. చందమామ గుంటలు, శనిగ్రహం చుట్టూ ఉంగరం, అన్నీ ఫోటో తీశాడు. నిండు చంద్రగ్రహణం మాత్రం ఆయనకు చిక్కలేదు. మొదటిసారి మబ్బు. రెండోసారీ మబ్బే. ఇంకోసారి ఆకాశం కడిగిన పలకలా ఉంది గానీ, అదే సాయంత్రం బస్సు బోల్తా పడి ఆసుపత్రి నిండిపోయింది, ఆయన గది వదల్లేకపోయాడు. "ఈయన ఆ గొట్టాన్ని మేడెక్కిస్తే చాలు, నేను గొడుగు తీసుకుని బయటికెళ్తా" అనేది ఆయన భార్య. బాబాయ్ భార్య కాబట్టి ఎక్స్‌రే అక్కకు ఆమె పిన్ని.

ఆ పెద్దాయనకు రక్తానికి సంబంధించిన జబ్బు వచ్చింది. ఒంట్లో కొత్త రక్తం తయారుకావడం లేదన్నారు. తాను పనిచేసిన ఆసుపత్రిలోనే, ఎక్స్‌రే గదికి పై అంతస్తులో, గోడవారగా మంచం ఇచ్చారు. ఉచితంగా ఇచ్చాడని పెద్ద డాక్టరును అందరూ మెచ్చుకున్నారు. ఆ మంచం పక్క కిటికీలోంచి చూస్తే పక్క బిల్డింగు గోడా, దాని మీదుగా దిగిన నీళ్ల గొట్టాలూ తప్ప ఇంకేమీ కనిపించవు.

ఒక మధ్యాహ్నం ఆమె పైకెళ్లి మంచం అంచున కూర్చుంది.

"ఏం తెచ్చిపెట్టను బాబాయ్?"

"ఎర్ర చందమామని."

స్టూలుమీద కూర్చున్న పిన్ని తల కొట్టుకుంది. "విన్నావా? చంటిపిల్లాడి మారాం. గ్లాసుడు పాలు తాగమంటే వద్దట. చందమామ కావాలట."

"గ్రహణం వస్తోందే" అన్నాడాయన. "ఈసారి సంజె వేళకే. చందమామ పైకొచ్చేసరికే నీడ పడి ఉంటుంది, కాసేపటికి పూర్తిగా మునుగుతుంది. మునిగాక నల్లగా ఉండదట, ఎర్రగా ఉంటుందట. ఎంత ఎరుపో నాకు తెలీదు. ఒక్క ఫోటో తల్లీ. వచ్చే గ్రహణానికి నేను..."

"వచ్చే గ్రహణానికి మీరే తీద్దురుగాని" అని ఆమె మాట తుంచేసింది.

"అప్పుడు మళ్లీ మబ్బు పడుతుందిలే."

ముగ్గురూ నవ్వారు. పిన్ని నవ్వుతూనే మొహం అటు తిప్పుకుంది.

అప్పట్నుంచి టీ విరామంలో ఆమె పైకెళ్లేది, పెద్దాయన పడుకునే పాఠం చెప్పేవాడు. "నీడలో మునిగిన చందమామకు వెలుగు చాలదు. షట్టరు ఎక్కువసేపు తెరిచి ఉంచాలి. అంతసేపూ ఏదీ కదలకూడదు."

"అంటే పిల్లల ఎక్స్‌రే లాంటిదే."

"అదే. కాకపోతే దాన్ని పట్టుకోవడానికి నువ్వు లోపలికి పరిగెత్తలేవు" అని ఆయాసపడుతూ నవ్వాడు. "ఇంకోటి. టెలిస్కోపు పక్కన ఫోకస్ తిప్పే మర ఉంటుంది. ఆ కెమెరాకు సరిపోయేలా ఎప్పుడో గీత గీసి పెట్టాను. గీత దగ్గరికి తిప్పి టేపు అంటించెయ్. ఇంక చచ్చినా ముట్టుకోకు. మబ్బుల రోజున మనిషి చెయ్యి ఆగదమ్మా. మసగ్గా కనిపించినప్పుడల్లా తిప్పాలనిపిస్తుంది. మబ్బును మరతో సరిచెయ్యలేం."

ఆమె తలూపింది. ఆ మసక మాట వినగానే ఎందుకో కళ్లు నులుముకుంది.

ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. ఈమధ్య రోడ్డుమీద ఎదురొచ్చే బండి లైటు దూదిలా విచ్చుకుని కనిపిస్తోంది. ఎండలోకి వస్తే ఎదుటి మనిషి మొహం తెల్లటి వెలుగులో కలిసిపోతోంది. గదిలో, చీకట్లో బాగానే ఉంటోంది కాబట్టి నిద్ర చాలక అనుకుంది. అలసట అనుకుంది. అనుకుంది అనడం కన్నా అలా నమ్మడానికి గట్టిగా ప్రయత్నించింది అనాలి. బొమ్మలు చూడటమే పనైన మనిషి తనకు చూపు ఆనడం లేదని ఎవరితో చెప్పుకుంటుంది? చెప్పిన మర్నాటినుంచి ఏ గదిలో నిలబడుతుంది?

ఆమె భర్త లిఫ్టు మెకానిక్కు. తాను చూసుకునే లిఫ్టుల్లో బాగా ఎత్తైన ఆఫీసు బిల్డింగు ఎంచుకుని, అక్కడి కాపలాదారును బతిమాలి మేడమీదికి అనుమతి సంపాదించాడు. గ్రహణం రోజు సాయంత్రం ఇద్దరూ ఆ టెలిస్కోపును దుప్పట్లో చుట్టి లిఫ్టెక్కించారు.

"జాగ్రత్తగా పట్టుకోండి."

"నా లిఫ్టులో గుడ్డు పెట్టి పంపినా పగలదు. నీ భయం నీది" అన్నాడు అతను.

మేడమీద లిఫ్టు యంత్రం గది గోడ చాటున గాలి తగలకుండా స్టాండు నిలబెట్టారు. ఆమె మరను గీతదాకా తిప్పి, టేపును రెండు చుట్లు అంటించింది. కెమెరా వెనక తెర ఎప్పుడో పగిలిపోయింది. పైనున్న చిన్న కంతలో కన్నుపెట్టి చూడటమే. పక్క బిల్డింగు నెత్తిన ఏదో కంపెనీ బోర్డు తెల్లటి లైట్లతో వెలుగుతోంది. అది ఆమె కంటికి సూటిగా తగులుతోంది.

తూర్పున మబ్బులు పరుపుల్లా పేర్చి ఉన్నాయి. చందమామ వచ్చే వేళ అయింది, వచ్చిన జాడ లేదు. చీకటి పడింది. మబ్బుల వెనక ఎక్కడో అది నీడలో మునుగుతూ ఉంటుందని ఆమెకు తెలుసు. తెలిసి చేసేదేమీ లేదు.

"ఊదనా?" అన్నాడు భర్త.

"ఏంటి?"

"మబ్బుల్ని. ఊదితే పోతాయేమో."

"మీరు ఊరుకుంటే అవే పోతాయి."

అతను ఊరుకోలేదు. లిఫ్టులో ఇరుక్కుపోయి చుట్టాలందరికీ ఫోన్లో వీడ్కోలు చెప్పిన ఒక గుమాస్తా కథ చెప్పాడు. ఆ కథ ఆమె ఎన్నోసార్లు విన్నదే. అయినా నవ్వింది. నవ్వుతూనే తూర్పు వైపునుంచి చూపు తిప్పలేదు. పై అంతస్తులో గోడవైపు తిరిగి పడుకున్న మనిషి ఈ వేళకు మేలుకునే ఉంటాడు. గొట్టాలున్న గోడను చూస్తూ, ఇప్పుడు మునిగి ఉంటుంది, ఇప్పుడు ఎర్రబడి ఉంటుంది అనుకుంటూ ఉంటాడు.

అప్పుడు మబ్బు చీలింది.

మొదట సన్నటి సందు. దాని అంచున బొగ్గులో రాజుకున్న నిప్పులాంటి ముక్క. ఆమె టెలిస్కోపును అటు తిప్పి, కంతలో కన్నుపెట్టింది. కనిపించింది. గుండ్రంగా, ఎర్రగా, కానీ తడి అద్దం వెనకనుంచి చూసినట్టు అంచులన్నీ కరిగిపోయి. ఇంకా పల్చటి పొర అడ్డం ఉంది, అది కూడా పోనీ అనుకుని ఆగింది.

"అబ్బ! పోయింది మబ్బు. చూడు, ఎంత శుభ్రంగా ఉందో! పక్కనే చుక్క కూడా ఉంది" అన్నాడు భర్త, మెడ ఎత్తి.

"పోలేదు. సన్నటి పొరుంది."

"ఎక్కడే పొర? నాకు నిఖార్సుగా కనిపిస్తుంటే!"

"మీకు తెలీదు. ఉత్త కంటికి అలాగే ఉంటుంది, ఇందులోంచి చూస్తేనే తెలుస్తుంది. కాసేపు మాట్లాడకండి, ఊగిపోతోంది."

అతను నోరు మూసుకున్నాడు. లిఫ్టు సంగతి తనకు తెలుసు, ఫోటోల సంగతి ఆమెకు తెలుసు. ఆ ఇంట్లో ఎప్పుడూ అదే ఒప్పందం. ఆకాశం తన కళ్లముందు తళతళలాడుతున్నా, పెళ్లాం మాట నమ్మి నిలబడ్డాడు.

ఆమె ఎదురుచూసింది. పొర పోలేదు. కన్ను మూసి తెరిచింది. ఎడమ కన్ను పెట్టి చూసింది, అందులో ఇంకా అధ్వాన్నం. అప్పుడామె చెయ్యి ఆగలేదు. టేపు గోటితో గీకి పీకేసింది. మరను ఇటు తిప్పింది, అటు తిప్పింది. ఒకచోట కాస్త మెరుగైనట్టు అనిపించింది. ఇంకొంచెం తిప్పింది. మళ్లీ కరిగిపోయింది. పెద్దాయన చెప్పిన మాట చెవిలో మోగుతూనే ఉంది. కానీ కంటిముందు కనిపిస్తున్నదాన్ని కాదనుకోవడం ఎవరికి సాధ్యం?

చివరికి, పొర ఉంటే ఉండనీ అనుకుని తీయడం మొదలుపెట్టింది. షట్టరు తెరిచిన ప్రతిసారీ అలవాటుకొద్దీ "ఊపిరి బిగపట్టండి" అనేది. పక్కన ఆమె భర్త నిజంగానే ఊపిరి బిగపట్టాడు. కొన్ని ఫోటోలు పడ్డాయో లేదో, దక్షిణం నుంచి పెద్ద మబ్బు వచ్చి చందమామను మింగేసింది. ఆ తర్వాత చినుకులు. అతను చొక్కా విప్పి టెలిస్కోపుకు కప్పాడు.

"రంగైతే పడే ఉంటుంది" అంది ఆమె లిఫ్టులో దిగుతూ. "పొర ఉన్నా పర్లేదు. బాబాయ్‌కి రంగే కావాలి."

అతను టెలిస్కోపును ఒంటికి ఆనించుకున్నాడు. తాను చూసిన ఆకాశంలో పొర లేదు. ఆ మాట అడగాలనిపించింది. ఆమె మొహం చూసి అడగలేకపోయాడు.

తెల్లారి ఫోటోలను ఫోన్లోకి ఎక్కించుకుని వార్డుకు వెళ్లింది. పెద్దాయన దిండుకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. తల దువ్వుకుని ఉన్నాడు.

"చూశావా ఈ షోకు" అంది పిన్ని. "ఎవరో పెళ్లిచూపులకు వస్తున్నట్టు. తెల్లారకముందే దువ్వెన అడిగాడు."

ఆమె ఫోన్ ఆయన చేతికిచ్చింది. "మబ్బు బాబాయ్. సందులో తీశాను. పల్చటి పొర వదల్లేదు, కాస్త మసగ్గా వచ్చాయి."

ఆయన చాలాసేపు చూశాడు. వేళ్లతో పెద్దది చేసి, ఒకదాని తర్వాత ఒకటి అన్నీ చూశాడు.

"ఇంత ఎరుపా!" అన్నాడు మెల్లగా. "ఇంతుంటుందని అనుకోలేదు. ఇటుకపొడి రంగు. మధ్యలో రాగి." పిన్నికి చూపించాడు. ఆవిడ కొంగుతో తెర తుడిచి మరీ చూసింది.

తర్వాత ఆయన చూపు ఫోటోలో ఒక మూల ఆగింది.

"తల్లీ, ఇది మబ్బు కాదు."

"మబ్బే బాబాయ్. నేను చూస్తూనే ఉన్నాను కదా."

"చందమామ పక్కనున్న ఈ చుక్క చూడు. మబ్బు అడ్డమొస్తే చుక్క వెలిసిపోతుంది, లేదా మాయమైపోతుంది. ఇలా ఉంగరంలా విచ్చుకోదు. ఇలా అయ్యేది ఫోకస్ తప్పినప్పుడే. ఆకాశం శుభ్రంగా ఉంది. మర తిప్పావు."

ఆమె ఫోన్ తెరమీదికి వంగి చూసింది.

"ఎందుకు తిప్పావ్? నువ్వు చెప్పిన మాట వినని పిల్లవి కాదే."

"మసగ్గా ఉంది బాబాయ్."

పెద్దాయన ఫోన్ పక్కన పెట్టాడు. అప్పటికే పొద్దెక్కి, తలుపవతలి వరండా ఎండతో వెలిగిపోతోంది. ఆ గుమ్మంలో నర్సు ఒకతె నిలబడి ఎవరితోనో మాట్లాడుతోంది.

"ఆ గుమ్మంలో ఉన్నది ఎవరు?"

ఆమె అటు తిరిగింది. తెల్లటి వెలుగు. వెలుగు మధ్యలో మనిషి ఆకారం. మొహం ఉండాల్సిన చోట ఏమీ లేదు. గొంతు వినబడితే చెప్పేయొచ్చని కాసేపు ఆగింది. నర్సు గొంతు తగ్గించి మాట్లాడుతోంది.

"ఎన్నాళ్లనుంచి?" అన్నాడు పెద్దాయన.

ఆమె మంచం అంచు పట్టుకుని కూర్చుండిపోయింది. పిన్నికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక స్టూలుమీంచి లేచొచ్చి ఆమె తలను తన పొట్టకు ఆనించుకుంది.

"కళ్లద్దాలు ఒకటే జత ఉండేవి" అన్నాడు పెద్దాయన గోడవైపు చూస్తూ. "గొడవెందుకన్నాను. నేనే అన్నాను ఆ మాట." ఇంకేదో అనబోయాడు. ఆయాసం అననివ్వలేదు. కాసేపాగి ఫోన్ ఆమె చేతిలో పెట్టాడు. "ఈ ఫోటోలు చెరిపెయ్యకు. కంటి డాక్టరుకు చూపించు. ఇవాళే వెళ్లు. ఇక్కడ వద్దు, బయట ఎక్కడైనా."

ఆమె వెళ్లింది. బయటి కంటి డాక్టరు ఒక యువతి. చుక్కలమందు వేసి, దీపం పెట్టి చూసింది. రెండు కళ్లలోనూ శుక్లాలు. మామూలుగా ముసలితనంలో వచ్చే రకం కాదట. కంటి లోపలి కటకానికి వెనక, సరిగ్గా నడిమధ్య పడ్డ మచ్చ. వెలుతురులో కంటిపాప చిన్నదైతే చూపంతా ఆ మచ్చలోంచే పోవాలి. టెలిస్కోపులాంటి దాని చిన్న కంతలోంచి చూసినా అంతే.

"మీరేం పనిచేస్తారు?"

చెప్పింది.

"మీ డోసు రికార్డు తెచ్చారా?"

"సున్నా అని ఉంటుందండి."

"ఇన్నేళ్లూ సున్నానా?" డాక్టరు కలం ఆపి ఆమెవైపు చూసింది.

ఆ గదిలో, ముక్కూ మొహం తెలియని మనిషి ముందు, ఆమె మొదటిసారి నోరు విప్పి సొరుగు కథ చెప్పింది. డాక్టరు అంతా విని నిట్టూర్చింది. "ఆపరేషన్ చేస్తే చూపు చాలావరకు వస్తుంది. కానీ ఇది ఆ గది వల్లే వచ్చిందని నేను కాగితంమీద రాసివ్వాలంటే నాకు కొలత కావాలి. వచ్చి ఉండొచ్చని రాయగలను. అంతే."

పెద్దాయన రక్తం గురించి కూడా అంతకుమించి ఎవరూ చెప్పలేకపోయారు. కావచ్చు, కాకపోవచ్చు. కొలిచి ఉంటే తెలిసేది. కొలవనివ్వని మనిషికి ఆ తెలియకపోవడమే రక్ష. పెద్దాయన ఆ వారం దాటలేదు. అంచులు కరిగిపోయిన ఆ ఎర్ర చందమామనే పిన్ని ఆయనకు చివరిదాకా చూపిస్తూ వచ్చింది. అంతకన్నా మంచి ఫోటో ఆయన చూడలేదు.

ఎక్స్‌రే అక్క ఈసారి ఊరుకోలేదు. కర్మలన్నీ అయ్యేదాకా కూడా ఆగలేదు. పెద్ద డాక్టరు గదిలోకి వెళ్లి, కూర్చోమనకపోయినా కూర్చుని, సొరుగు తాళం తీయమంది.

"రికార్డులో సున్నా ఉందమ్మా. సున్నాకు జబ్బెలా వస్తుంది?" అన్నాడాయన, నిదానంగా.

మర్నాటినుంచి ఆమెను చీటీలిచ్చే కౌంటరు దగ్గర కూర్చోబెట్టారు. చూపు సరిగా లేని మనిషిని పెద్ద మనసుతో ఉంచుకున్నామని చెప్పుకున్నారు. ఆమె ఆరోగ్యశాఖకు ఫిర్యాదు పెట్టింది. తనిఖీకి అధికారులు వచ్చారు. వస్తున్న సంగతి వాళ్లకన్నా ముందే వచ్చింది. ఆ ఒక్కరోజు అందరి చొక్కాలమీదా బిళ్లలున్నాయి, గోడకు కొక్కెం ఉంది, కొక్కేనికి కొత్త ఆప్రాన్ ఉంది. అధికారులు టీ తాగి, అంతా సవ్యంగా ఉందని రాసుకుని వెళ్లిపోయారు. వాళ్ల బండి గేటు దాటగానే బిళ్లలు మళ్లీ సొరుగులోకి వెళ్లాయి. ఫిర్యాదు ఇంకా నడుస్తోంది. నడుస్తోంది అంటే ఎక్కడో ఆగి ఉంది. ఆమె స్థానంలో ఇప్పుడు ఆ గదిలో కొత్త అమ్మాయి ఉంది. ఆ అమ్మాయి కూడా ఏడ్చే పిల్లల్ని తానే పట్టుకుంటోందని చీటీల కౌంటరు దగ్గర తల్లులు చెప్పుకుంటుంటే ఆమె వింటోంది.

ఇది చదివిన మీకు ఒక పని చెప్పాలి. ఎప్పుడో ఒకప్పుడు మీరో మీ ఇంట్లోవాళ్లో ఎక్స్‌రే గదికి వెళ్తారు. వెళ్లినప్పుడు మీ ఎముక సంగతి అడిగేముందు, మీకు ఫోటో తీస్తున్న మనిషి చొక్కావైపు చూడండి. బ్యాడ్జి ఉందా? లేకపోతే ఎక్కడుందని అడగండి. ఆ మనిషిని కాదు, ఆసుపత్రి నడిపేవాళ్లను అడగండి, నలుగురూ వినేలా అడగండి. కళ్లద్దాలు ఎన్ని జతలున్నాయో అడగండి. మీ బిడ్డను పట్టుకోవాల్సొస్తే, కడుపుతో ఉన్నవాళ్లు తప్ప, మంచి ఆప్రాన్ ఇప్పించుకుని మీరే పట్టుకోండి. సరైన జవాబు రాకపోతే ఆరోగ్యశాఖకూ, కార్మికశాఖకూ రాయండి. పక్కవాళ్లచేత సంతకం పెట్టించండి. తనిఖీకి చెప్పకుండా రమ్మని పట్టుబట్టండి.

ఆ గదిలో పనిచేసేవాళ్లు అడగలేరు. అడిగితే ఏమవుతుందో చూశారు. మీరు అడగొచ్చు. పేషెంటును ఉద్యోగంలోంచి ఎవరూ తీసెయ్యలేరు.